హాలె పట్నంలో తెలుగక్షరాలు



అత్తయ్యా, మొన్న ఫోనులో నువ్వు అడిగావు, "అది లూథరుగారు పుట్టిన దేశం కదే, అక్కడ ఆరాధన ఎలా చేస్తారే?" అని. బస్సు వచ్చేస్తోందని నేను సగం సగం చెప్పి పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వారం రోజులు సెలవు దొరికితే సంచీ సర్దుకుని ఆ ప్రశ్న వెంటే తిరిగాను. చూసినవన్నీ రాస్తున్నాను. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివి వినిపిస్తారు, నువ్వు బియ్యం ఏరుకుంటూ విను.

ముందు నేనుండే ఊరి సంగతి. హాలె ఉప్పు ఊరు. ఇక్కడి ఊటల్లో ఉప్పునీళ్ళు ఊరేవి. వాటిని కాచి ఉప్పు తీసి ఈ ఊరు బతికింది. పక్కన సాలె నది. మన వైపు సిద్ధాంతం వంతెన మీద నిలబడితే వశిష్ఠ గోదావరి అవతలి గట్టు మంచులో కనపడకుండా పోతుందే, దీనికి అంత వెడల్పు లేదు. ఇటునుంచి పిలిస్తే అటువాళ్ళు పలుకుతారు. ఇక్కడ 1695లో ఫ్రాంకె అనే పాస్టరుగారి ఇంట్లో పేదల కోసం పెట్టిన కానుక పెట్టెలో ఎవరో నాలుగు థాలర్లు, పదహారు గ్రోషెన్లు వేశారు. అప్పటి లెక్కలో అది చెప్పుకోదగ్గ సొమ్మే గాని ఒక సంస్థ పెట్టేంత కాదు. ఆయన మాత్రం దానితోనే పేదపిల్లలకు బడి మొదలుపెట్టాడు. మూడేళ్ళకు అనాథశాల భవనానికి పునాది పడింది. తర్వాత బళ్ళు, మందుల దుకాణం, అచ్చు యంత్రాలు, గ్రంథాలయం వచ్చాయి. ఇప్పుడదంతా కలిపి ఒక పేట అంత ఉంటుంది. అనాథశాల నెత్తిన సూర్యుడి వైపు ఎగిరే రెండు పక్షిరాజుల బొమ్మలు చెక్కారు. యెషయా గ్రంథంలో రెక్కలు చాపి ఎగిరే వాళ్ళ మాట ఉంది కదా, అది.

ఆ భవనం అటకమీద ఒక వింతల గది ఉంది. మూడొందల ఏళ్ళుగా దేశదేశాల నుంచి వచ్చిన వస్తువులు రంగురంగుల బీరువాల్లో పెట్టారు. శంఖాలు, గవ్వలు, ఎండిన చేపలు, దేవుళ్ళ బొమ్మలు. పైకప్పు నుంచి పెద్ద మొసలి ఒకటి వేలాడుతోంది. చిన్నపిల్లలు దానికేసే నోరు తెరుచుకుని చూస్తున్నారు. నా కాళ్ళు మాత్రం మన దేశపు బీరువా ముందు ఆగిపోయాయి. అందులో తాటాకుల మీద గంటంతో రాసినవి ఉన్నాయి. మనింటి వెనక కాలవ గట్టున తాటిచెట్లు గాలికి గలగలమంటాయి కదా, ఆ చప్పుడు చెవిలో వినపడింది. ఇంత చలిదేశంలో ఒక తాటాకుని ఇన్నేళ్ళు భద్రంగా దాచిపెట్టారని చేత్తో అద్దం ముట్టుకున్నాను. కాపలా ఆమె వద్దని తల ఊపింది.

అసలు వింత దీని తర్వాతది. ఈ హాలె నుంచి బెంజమిన్ షుల్జె అనే ఆయన 1719లో మన దేశం వచ్చాడు. ముందు తరంగంబాడిలో ఉన్నాడు. అక్కడినుంచి మద్రాసు చేరి, అక్కడి తెలుగువాళ్ళ దగ్గర కూర్చుని మన భాష నేర్చుకున్నాడు. 1728 నాటికి తెలుగు వ్యాకరణం రాశాడు. కొత్త నిబంధన తెలుగు చేశాడు గాని అచ్చు వేయించే దారి లేకపోయింది. 1743లో హాలెకి తిరిగొచ్చాక ఈ ఊళ్ళోనే తెలుగక్షరాలకు అచ్చులు పోయించి, 1746, 47ల్లో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాలు ఇవేనని చరిత్ర తెలిసినవాళ్ళు చెబుతారు. అత్తయ్యా, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. దానికి నూరేళ్ళకు పైనే ముందు ఈ ఊళ్ళో మన అ ఆలు సీసంలో నిలబడ్డాయి. వాటిని పేర్చిన కూలివాడికి అందులో ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా కొమ్ముకి కొమ్ము, దీర్ఘానికి దీర్ఘం చూసుకుని పేర్చాడు. అతని చేతుల గురించి ఆ రాత్రంతా ఆలోచించాను.

ఆ పుస్తకాల్లో ఒకటి ఏదో తెలుసా? లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరి. గుళ్ళో నిర్ధారణ పొందడానికి ముందు మనందరం బట్టీ పట్టినదే. అయ్యగారు బెత్తం పక్కన పెట్టుకుని ఒప్పజెప్పించుకున్నదే. బడిలో ఎక్కాలు, గుళ్ళో ప్రశ్నోత్తరి, రెండూ ఒకేలా అరిచేవాళ్ళం. బట్టీ పట్టినదాన్ని మనం చదవం. ఇక్కడ మొదటిసారి కూర్చుని చదివాను. ఆ పాత తెలుగు కూడబలుక్కున్నా సగమే అందింది. జర్మన్ ప్రతి పక్కన పెట్టుకుని మిగతా సగం పూర్తి చేసుకున్నాను.

1529లో లూథరుగారు దీన్ని పాస్టర్ల కోసమే కాదు, ఇంటి యజమాని ఇంట్లోవాళ్ళకు నేర్పడం కోసం కూడా రాశాడు. ప్రతి భాగం పైన ఆ మాటే ఉంది. ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, ప్రభు భోజనం అన్నీ అయ్యాక చివర్లో, ఎవరూ పెద్దగా పట్టించుకోని చోట, రోజు ఎలా గడపాలో రాశాడు. పొద్దున్న పక్క మీద నుంచి లేవగానే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ పేరున సిలువ గుర్తు వేసుకో. విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన చెప్పు. ఒక చిన్న ప్రార్థన చెయ్యి. తర్వాత ఒక పాట పాడుకుంటూ సంతోషంగా నీ పనికి వెళ్ళు. రాత్రి మళ్ళీ అలాగే చేసి, వెంటనే నిశ్చింతగా నిద్రపో. అన్నం ముందు ఏం చెప్పాలో, తర్వాత ఏం చెప్పాలో కూడా ఉంది. అంతే. గంటలకొద్దీ మోకాళ్ళ మీద ఉండమని లేదు. పనికి వెళ్ళమని ఉంది, నిద్రపొమ్మని ఉంది.

చదువుతుంటే నువ్వే కళ్ళముందు కనిపించావు. నాలుగింటికి లేస్తావు. మంచం మీదే కూర్చుని పెదవులు కదుపుతావు. చిన్నప్పుడు నీ పక్కన పడుకున్నప్పుడు ఆ గుసగుసకే నాకు మెలకువ వచ్చేది. మన వీధి చివరిదాకా వాసవీ అమ్మవారి గుడి గంటలు వినపడే వేళకి నువ్వు వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేసేదానివి. పొయ్యి ముట్టించేటప్పుడు ఒక కీర్తన ఎత్తుకునేదానివి. ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు ఒక పిడికెడు తీసి ఆ రేకు డబ్బాలో వేసేదానివి. స్వర్ణ బియ్యం. మన పక్కనే ఉన్న మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన వంగడమని మావయ్య గొప్పగా చెప్పేవారు. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్ళేది. స్త్రీల సమాజంవాళ్ళు అందరి డబ్బాలూ ఒక బస్తాలో కుమ్మరించేవాళ్ళు. ఒకసారి ఇంట్లో బియ్యం అడుగంటి ఉన్నప్పుడు కూడా నువ్వు ఆ పిడికెడు తీశావు. నేను అడిగాను, "మనకే లేవు కదత్తా?" అని. నువ్వేమీ చెప్పలేదు. పిడికిలి కొంచెం చిన్నది చేశావు, అంతే. ఆ చిన్నదైన పిడికిలి నాకు ఇంకా గుర్తుంది. ఆ రోజు నువ్వు చేసినదాన్ని ఏమంటారో నాకు అప్పుడు తెలీదు.

ఇక్కడివాళ్ళు ఆదివారపు ఆరాధనని గొట్టెస్‌డీన్‌స్ట్ అంటారు. గొట్ అంటే దేవుడు, డీన్‌స్ట్ అంటే సేవ. ఆ మాటకి రెండు వైపులా అర్థం ఉందని ఒక పాస్టరమ్మ నాకు చెప్పింది. మనం దేవుడికి చేసే సేవ ఒకటి. దేవుడే మనకు చేసే సేవ ఇంకోటి. వాక్యం వినిపించి, రొట్టె చేతిలో పెట్టి ముందు ఆయనే సేవ చేస్తాడు, ఆ తర్వాతే మన వంతు. డీన్‌స్ట్ మాటకు ఇంకో వాడుక కూడా ఉంది. మా నర్సుల డ్యూటీని కూడా అదే మాటతో పిలుస్తారు. రాత్రి డ్యూటీ అంటే రాత్రి డీన్‌స్ట్. నెల మొదట్లో గోడకి అంటించే డ్యూటీ కాగితం పైనా ఆ మాటే ఉంటుంది. ఇది విన్నాక మన బైబిలు తీసి రోమా పత్రిక 12వ అధ్యాయం చూశాను. శరీరాల్ని సజీవయాగంగా అప్పగించుకోమనే ఆ మొదటి వచనంలో మనవాళ్ళు వాడింది కూడా 'సేవ' అనే మాటే. పౌలు అక్కడ గుడి గురించి గాని, పాట గురించి గాని ఒక్క మాటా అనలేదు. శరీరం అన్నాడు. నడుము నొప్పెట్టే, చేతులు నీళ్ళలో నానిపోయే ఈ శరీరమే.

గుళ్ళ సంగతి చెప్పమన్నావు కదా. బయటినుంచి చూస్తే తల వెనక్కి వాల్చాలి, అంత ఎత్తు. హాలె సంత దగ్గరున్న గుళ్ళో లూథరుగారు చనిపోయినప్పుడు ముఖానికి, చేతులకి తీసిన మైనపు అచ్చులు ఉన్నాయి. చూస్తే గుండె జల్లుమంది. హండెల్ అనే గొప్ప సంగీతకారుడు 1685లో ఈ ఊళ్ళోనే పుట్టి ఆ గుళ్ళోనే బాప్తిస్మం పొందాడు. చిన్నప్పుడు ఆయన వేళ్ళు పెట్టి నేర్చుకున్న ఆర్గన్ ఇప్పటికీ ఉంది. మన గుళ్ళో తబలా, హార్మోనియం, తాళాలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయని ఇక్కడివాళ్ళకి చెబితే నమ్మలేదు. ఫోనులో ఫొటో తీసి ఉన్న పేజీ చూపించాల్సి వచ్చింది.

ఇంకో ఊళ్ళో ఒక పెద్ద గుడికి ఆదివారం వెళ్ళాను. వెయ్యిమంది పట్టే గుడి. ముప్పై మందిమి ఉన్నాం. చాలావరకు ముసలివాళ్ళు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మన గుళ్ళో ఆలస్యంగా వెళితే చాప మీద కూడా చోటుండదు, గుమ్మం బయట చెప్పుల మధ్య కూర్చుంటాం. ఇంత వాక్యాన్ని మనకు పంపిన దేశంలో ఇదేమిటని అనుకున్నాను. ఆరాధన అయ్యాక ఆ ముప్పై మందిలో ఒక ముసలాయన కాఫీ కలిపి ఇచ్చాడు. కప్పులు కడగడానికి సాయపడ్డాను. మాటల్లో తెలిసింది, మంచానపడ్డ పక్కింటాయనకి ఆయన ఎనిమిదేళ్ళుగా రోజూ మధ్యాహ్నం భోజనం పట్టుకెళ్తున్నాడు. ఎవరూ చెప్పమనలేదు, ఎవరికీ చెప్పలేదు. నేను బెంచీలు లెక్కపెట్టానని సిగ్గుపడ్డాను.

అక్టోబరు మొదటి ఆదివారం ఇక్కడ కోత పండుగ. బలిపీఠం మెట్ల నిండా గుమ్మడికాయలు, ఆపిల్ పళ్ళు, గోధుమ కంకులు, ఇంత పెద్ద రొట్టె. మన కోత పండుగ గుర్తొచ్చి నవ్వుకున్నాను. అరటిగెలలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, మొదటి వడ్లు. ప్రసంగం మధ్యలో కోడి కూస్తే అయ్యగారు ఆగేవారు. ఆరాధన తర్వాత వేలం. మావయ్య ఓ ఏడు ఒక్క సొరకాయకి పోటీపడి మన స్తోమతకి మించి పాడారు, నువ్వు వారం రోజులు మాట్లాడలేదు! ఇక్కడ వేలం లేదు. పండుగ అయ్యాక అన్నీ సర్ది పేదలకు సరుకులిచ్చే చోటికి పంపేశారు. మన వేలంలో ఉన్న సందడి నాకు ఇష్టం. కానీ ఒక్కమాట చెప్పాలి. మన వేలంలో ఎక్కువ పాడినవాడి పేరు గట్టిగా వినిపిస్తుంది. ఆ వడ్లు కోసినవాళ్ళ పేరు ఎవరూ చదవరు. నువ్వు నాట్లకి, కోతలకి వెళ్ళిన రోజుల్లో నీ పేరు ఎప్పుడైనా చదివారా?

విట్టెన్‌బర్గ్ వెళ్ళాను. లూథరుగారు తన వాదనలు అంటించాడని చెప్పే గుడి తలుపు చూడ్డానికి అందరూ వెళతారు, నేనూ చూశాను. నాకు నచ్చింది మాత్రం ఊరి గుళ్ళోని బలిపీఠం బొమ్మ. క్రానాక్ అనే చిత్రకారుడి ఇంట్లోవాళ్ళు కలిసి గీసినది, 1547లో పెట్టారు. ప్రభు భోజనం బల్ల గుండ్రంగా ఉంది. చుట్టూ శిష్యులు. ఆ శిష్యుల్లో ఒకరికి లూథరుగారి ముఖం పెట్టారు, గడ్డం ఉన్న రోజుల్లోది. ఒక మనిషి ఆయనకి గిన్నె అందిస్తున్నాడు. కింద బొమ్మలో లూథరుగారు ప్రసంగిస్తుంటే వినేవాళ్ళలో ఆయన భార్య కాథరీనమ్మ, పిల్లవాడు కూర్చుని ఉన్నారు. ఆ ఊరివాళ్ళు ఆదివారం కళ్ళెత్తితే తమలాంటి ముఖాలే కనిపించేవన్నమాట. మన ఊళ్ళో ఎవరైనా అలా గీస్తే ఆ బల్ల దగ్గర ఎవరెవరు కూర్చుంటారా అని ఆలోచించాను. రిక్షా తొక్కి మోకాళ్ళు అరిగిన మన ఎదురింటి తాతయ్యని ఒక మూల కూర్చోబెట్టాను.

కాథరీనమ్మ సన్యాసినిగా ఉండి మఠం నుంచి పారిపోయి వచ్చిన మనిషి. పందుల్ని పెంచింది, బీరు కాచింది, తోట వేసింది, ఇంటి నిండా ఉండే విద్యార్థులకు వండిపెట్టింది. వివాహం గురించి 1522లో రాసిన ఒక పుస్తకంలో లూథరుగారు ఏమన్నాడంటే, ఒక తండ్రి పిల్లాడి మురికిగుడ్డలు ఉతుకుతుంటే లోకం అతన్ని చూసి ఆడంగివాడని నవ్వుతుందట, దేవుడు మాత్రం దేవదూతలందరితో కలిసి చిరునవ్వు నవ్వుతాడట. గుడ్డలు ఉతుకుతున్నాడని కాదు, విశ్వాసంతో ఉతుకుతున్నాడని. ఇది రాసేనాటికి ఆయనకి పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. అయినా ఎలా తెలిసిందో.

నా పని నీకు తెలుసు. ముసలివాళ్ళకి స్నానం చేయించాలి, డైపర్లు మార్చాలి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. మొదటి నెలల్లో బాత్రూములో తలుపేసుకుని ఏడ్చేదాన్ని. నర్సింగు చదివింది దీనికా అని. అక్కడ పెద్దాసుపత్రిలో తెల్ల బట్టలు వేసుకుని నడిచేదాన్ని, ఇక్కడ చేతులకి తొడుగులు వేసుకుని మలం తుడుస్తున్నాను అని. నీకు చెప్పలేదు. ఊళ్ళో అందరికీ నా ఉద్యోగం గురించి నువ్వు గొప్పగా చెప్పుకుంటున్నావని తెలుసు కాబట్టి. ఆ మురికిగుడ్డల మాట చదివిన మర్నాడు డ్యూటీకి వెళ్ళాను. పని ఏమీ మారలేదు, వాసన కూడా మారలేదు. కానీ తొంభై దాటిన ఒకామెని తిప్పుతున్నప్పుడు నా చేతులు తొందరపడలేదు. ఇక్కడ ముసలివాళ్ళు మమ్మల్ని ఇప్పటికీ ష్వెస్టర్ అని పిలుస్తారు. ఆ మాటకి అక్క లేదా చెల్లి అని అర్థం. మన ఆసుపత్రుల్లో సిస్టర్ అని పిలిచినట్టే. క్రైస్తవ సేవకురాళ్ళు రోగుల్ని చూసిన రోజుల నుంచి మిగిలిన పిలుపు అది. రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్‌లో 1836లో అలాంటి సేవకురాళ్ళకు తర్ఫీదు ఇచ్చే ఇల్లు పెట్టారు. ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా అక్కడికి వెళ్ళి నేర్చుకుంది. ఆ 1836లోనే ఇంగ్లాండు నుంచి బౌడెన్, బీర్ దొరలు మన వైపు బయల్దేరారు. నర్సాపురం, పాలకొల్లులో వాళ్ళు నాటిన సంఘాల్లోనే కదా మన చిన్నక్క అత్తవారు ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు.

ఇప్పుడు హెర్న్‌హూట్ గురించి. నీకు ఈ ఊరు బాగా నచ్చుతుంది. తూర్పు సరిహద్దులో, కొండల మధ్య చిన్న ఊరు. మతం కోసం ఇళ్ళు వదిలి పారిపోయి వచ్చిన మొరావియావాళ్ళకి జిన్‌జెన్‌డార్ఫ్ అనే జమీందారు చోటిచ్చాడు. వాళ్ళ గుడి లోపలికి అడుగుపెట్టగానే గుమ్మంలోనే నిలబడిపోయాను. అంతా తెలుపు. గోడలు తెలుపు, బెంచీలు తెలుపు, తెరలు తెలుపు. బలిపీఠం లేదు, బొమ్మ లేదు, పైన ఎత్తులో ప్రసంగ వేదిక లేదు. ఒక బల్ల, అంతే. హైదరాబాదు హెబ్రోనులో భక్త్ సింగ్ గారి సంఘానికి ఒకసారి మనం వెళ్ళినప్పుడు తెల్లబట్టల్లో నేలమీద బారులు తీరి కూర్చున్న జనం, ఆ తర్వాత అందరూ కలిసి కూర్చుని తిన్న ప్రేమ విందు గుర్తొచ్చాయి. ఇక్కడా ప్రేమ విందు ఉంది, అదే పేరుతో. సాంబారన్నం కాదు, తీపి బన్ను, టీ. పాటలు పాడుకుంటూ తింటారు.

మనం డిసెంబరు 31 రాత్రి గుళ్ళో వాగ్దాన వచనం చీటీ తీస్తాం కదా. ఏడాదంతా ఆ చీటీ దేవుడి మాటగా గోడకి అంటించుకుంటాం. ఆ అలవాటు లాంటిదే ఇక్కడ మూడొందల ఏళ్ళుగా ఉంది. ఒక పాత్రలో పద్దెనిమిది వందలకు పైగా పాత నిబంధన వచనాలు ఉంటాయి. ఏడాదిలో ప్రతి రోజుకి ఒకటి చొప్పున చీటీ తీస్తారు. దానికి తగిన కొత్త నిబంధన వచనం, ఒక ప్రార్థన జతచేస్తారు. మూడేళ్ళు ముందుగానే తీసేస్తారు, ఎందుకంటే చాలా భాషల్లోకి మార్చి అచ్చు వేయాలి. 1731 నుంచి ఒక్క ఏడూ మానకుండా ఈ పుస్తకం వస్తోంది. మొదట్లో అచ్చు కూడా లేదు. 1728లో పొద్దున్నే ఒక మనిషి ఇల్లిల్లూ తిరిగి ఆ రోజు వచనం చెప్పి వెళ్ళేవాడట. మన పాలబ్బాయిలాగా. కొలిమి దగ్గర ఉన్నవాడికి కొలిమి దగ్గర, మగ్గం మీద ఉన్నవాడికి మగ్గం మీద.

ఊరి పైన కొండవాలున వాళ్ళ సమాధుల తోట ఉంది. వందలకొద్దీ రాళ్ళు, అన్నీ ఒకే కొలత, అన్నీ నేలకి పరిచినవే. జమీందారీ బంధువైనా, చెప్పులు కుట్టినవాడైనా అదే రాయి. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. జిన్‌జెన్‌డార్ఫ్ కుటుంబానివి మాత్రం మధ్యలో ఎత్తుగా ఉన్నాయి, అదొక్కటీ నాకు నచ్చలేదు. అయినా ఆ రాళ్ళ వరసల మధ్య చాలాసేపు కూర్చున్నాను. కూర్చుని మన ఊళ్ళ గురించి ఆలోచించాను. ఒకే పుస్తకం పట్టుకుని, ఒకే కీర్తన పాడుతూ, ఈ పేటవాళ్ళు ఆ పేట గుడికి వెళ్ళని ఊళ్ళు మన జిల్లాలో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పెళ్ళి దగ్గర ఆగిపోతుంది, సమాధి దగ్గర ఆగిపోతుంది. ప్రభు భోజనం గిన్నె ఒకటే, ఆ గుమ్మం దాటాక మంచినీళ్ళ గ్లాసు వేరు. మన మీద పెద్ద కులాలవాళ్ళు చేసినది చెప్పుకుని ఏడుస్తాం, అది నిజమే, న్యాయమే. మనలో మనం చేసుకునేది ప్రార్థనలో ఎత్తం. ఆమోసు ప్రవక్త అడిగింది ఇదే కదా, మీ పాటల ధ్వని నాకు వద్దు, న్యాయం నీళ్ళలా పారనివ్వండి అని దేవుడు అన్నట్టు. గోదావరి కాలవల పక్కన పుట్టిన మనకి నీళ్ళు పారడం అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? పై చేనువాడు గండి కట్టేసుకుంటే కింది చేను ఎండుతుంది. అత్తయ్యా, ఈ మాట స్త్రీల సమాజంలో చదవమని నేను అడుగుతున్నాను. కోప్పడేవాళ్ళు కోప్పడనీ.

అక్కడికి దగ్గర్లో నైసె నది ఒడ్డున సెయింట్ మరీన్‌థాల్ అనే సన్యాసినుల మఠం ఉంది. 1234 నుంచి ఉంది. నదికి అవతలి గట్టు పోలెండు దేశం. గంట మోగితే పని ఆపి ప్రార్థనకి వెళతారు, ప్రార్థన అయితే మళ్ళీ పనికి వస్తారు. వాళ్ళు పాటించే బెనడిక్టుగారి నియమాల్లో ఒక మాట ఉందని అక్కడ తెలిసింది. మఠంలో సామాన్లు చూసుకునే మనిషి గిన్నెల్నీ పనిముట్లనీ బలిపీఠం మీది పవిత్ర పాత్రల్లాగే చూడాలట. నాకు వెంటనే బడిలో నువ్వు మధ్యాహ్న భోజనం వండే ఆ పెద్ద గుండిగ కళ్ళముందు కదిలింది. నూట యాభై మంది పిల్లల పప్పు అందులో. వండడం అయ్యాక చింతపండు, బూడిద పెట్టి మెరిసేలా తోమి, ఎండలో బోర్లించి, నడుం పట్టుకుని లేస్తావు. "రేపు పొద్దున్న వచ్చేవాళ్ళు తోముతారులే" అని ఎవరన్నా అంటే వినవు. బిల్లులు ఆలస్యమైన నెలల్లో కూడా పప్పు పలచన చెయ్యలేదు నువ్వు. దుకాణంలో అప్పు పెట్టావు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, నీ మీద కోప్పడ్డాను కూడా. క్షమించు.

హెర్న్‌హూట్‌లో విన్న ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. 1727 ఆగస్టులో ఆ ఊరివాళ్ళు ఒక ఒప్పందం చేసుకున్నారు. ఇరవైనలుగురు మగవాళ్ళు, ఇరవైనలుగురు ఆడవాళ్ళు రోజులో తలా ఒక గంట ప్రార్థన పంచుకున్నారు. ఒకరి గంట అయ్యేసరికి ఇంకొకరి గంట మొదలు. రాత్రీ పగలూ ఆగకుండా. అలా నూరేళ్ళకు పైగా సాగింది. వాళ్ళు మఠాల్లో ఉన్నవాళ్ళు కాదు. నేతగాళ్ళు, వడ్రంగులు, వంట చేసే ఆడవాళ్ళు. గంట పూర్తవగానే పనికి వెళ్ళేవాళ్ళు, లేదా నిద్రపోయేవాళ్ళు.

తిరిగొచ్చాక నాకు రాత్రి డ్యూటీలు వేశారు. మొన్న పన్నెండున్నరకి కారిడారులో గడియారం చూశాను. వేళ్ళ మీద లెక్కపెట్టాను, మూడున్నర గంటలు కలిపితే అక్కడ నాలుగు. నువ్వు మంచం మీద లేచి కూర్చునే వేళ. ఆ తొంభై దాటిన ఆమె నిద్రపట్టక మూలుగుతోంది. ఆమెని పక్కకి తిప్పి, దిండు సర్ది, ఒంటికి నూనె రాస్తూ నువ్వు పొయ్యి దగ్గర పాడే కీర్తన మెల్లగా తెలుగులో పాడాను. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏ దేశం పాట, ష్వెస్టర్?" అని అడిగింది. మా అత్తయ్య వంటింటి పాట అని చెప్పాను. ఇంకోసారి పాడమంది.

అన్నట్టు, ఈ నెలాఖరు ఆదివారం ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటినుంచి నీ నాలుగింటికి నాకు పదకొండున్నర అవుతుంది. ఆ వేళకి మందులిచ్చే పని ఉంటుంది, చేతులు ఖాళీ ఉండవు. అయినా నాకు తెలుస్తుంది. వరి ఈనిందా? తుఫాను వస్తుందని ఫోనులో చూశాను, బడికి వెళ్ళేటప్పుడు గొడుగు మర్చిపోకు.

నీ మేనకోడలు
హాలె, జర్మనీ